ముక్కుదిబ్బడకు ఇంటి వైద్యం: ప్రొద్దుటూరు ప్రాంత చరిత్ర

పడిశం ముదిరి, ముక్కు మూసుకుపోయి, నుదురూ బుగ్గలూ బరువెక్కి, తల వంచితే నొప్పి పోటెత్తే బాధను ఇప్పుడు ఊరూవాడా ‘సైనస్’ అంటున్నారు. ముక్కు చుట్టూ ఎముకల్లో నాలుగు జతల గాలి గదులు ఉంటాయి. వాటి లోపలి పొర వాచి, దారులు మూసుకుపోయి, చీమిడి లోపలే నిలిచిపోవడం ఈ జబ్బు. చాలావరకు వైరస్ వల్లే వస్తుంది, దానంతటదే తగ్గుతుంది. ఆ తగ్గేలోపు మనిషికి కాస్త ఊపిరి ఆడేలా చేయడమే ఇంటి వైద్యం పని.

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతంలో ముక్కుకు దుమ్ము బాధ కొత్తది కాదు. శెనక్కాయల నూర్పిళ్లు, ప్రొద్దుటూరు పత్తి మిల్లులు, ఎర్రగుంట్ల చుట్టుపక్కల సిమెంటు ఫ్యాక్టరీలు, కడప బండను నునుపు చేసే పాలిషింగ్ యూనిట్లు, పులివెందుల వైపు ముగ్గురాయి, రాతినార గనులు అన్నీ ఈ నేల మీదివే. దుమ్ము సూక్ష్మజీవి కాకపోయినా ముక్కు పొరను రేపి వాపుకు దారి తీస్తుంది. ఈ సీమలో ముక్కు జబ్బుల గురించి మాట్లాడుతూ ఆవిరి, కషాయాల దగ్గరే ఆగిపోవడం సరికాదు. రాతి పని చేసేవారికి ముఖానికి కట్టుకునే మాస్కే మొదటి మందు.

శాస్త్ర గ్రంథాల్లో ఈ బాధకు ప్రతిశ్యాయం, పీనసం అని పేర్లు. సుశ్రుత సంహిత ఉత్తరతంత్రం ముక్కు జబ్బులను 31గా లెక్కపెట్టి, ప్రతిశ్యాయానికి వేరే అధ్యాయమే ఇచ్చింది. ముక్కులో చుక్కలుగా వేసే అణుతైలం చరక సంహితలో ఉంది. తెలుగునాట వైద్యులు తరతరాలుగా చదివిన గ్రంథం బసవరాజీయం. కొట్టూరు బసవరాజు సంస్కృత శ్లోకాలకు తెలుగు వివరణ జోడించి రాయడంతో అది పల్లె వైద్యుల చేతికీ అందింది. ఇళ్లలో జరిగింది మాత్రం పుస్తకం చూసి చేసిన వైద్యం కాదు. అవ్వల చేతుల్లో నడిచిన వైద్యం.

ఆ వైద్యంలో పసుపుది పెద్దపీట. మైదుకూరు చుట్టుపక్కల పసుపు పండుతుంది, కడప మార్కెట్ యార్డుకు కొమ్ములు బస్తాల్లో వస్తాయి. పడిశం పట్టినప్పుడు ఎండు కొమ్మును నూనెలో తడిపి, దీపం మీద కాల్చి, మంట ఆర్పేసి, సన్నగా లేచే పొగను ఒక ముక్కు మూసి రెండోదాంతో పీలుస్తారు. ఘాటుకు కళ్లు చెమ్మగిల్లి, తుమ్ములు వచ్చి, గడ్డకట్టినట్టున్న చీమిడి నీరై కారుతుంది. ఉపశమనం నిజమే కానీ అది పొగ రేపిన మంటకు ముక్కు ఇచ్చే జవాబు. ఉబ్బసం ఉన్నవారు, పసిపిల్లలు దీని జోలికి పోకూడదు.

ఆవిరి పట్టడం ఇంకా విస్తారంగా ఉంది. మరిగిన నీళ్లలో పసుపు, వంకల గట్ల మీద పెరిగే వావిలాకు వేసి, దుప్పటి ముసుగు పెట్టుకుని కూర్చుంటారు. బాలింతలకు వావిలాకు నీళ్ల స్నానం, తలంటిన తర్వాత జుట్టుకు సాంబ్రాణి ధూపం కూడా పడిశం పట్టకుండా చేసే జాగ్రత్తలే. వేయించిన వామును గుడ్డలో మూటగట్టి వాసన చూడటం, నుదుటికి శొంఠి గంధం పట్టు వేయడం, వేడివేడిగా మిరియాల చారు తాగడం ఇంటింటా తెలిసినవే.

వీటన్నిటినీ ‘అనాది వైద్యం’ అని ఒకే గాటన కట్టలేం. మిరియం, శొంఠి, పసుపు పాతకాలం నాటివి. ముక్కు వదిలిస్తుందని నాటుకోడి పులుసులో దట్టించే మిరపకాయ పోర్చుగీసువారి ఓడల్లో వచ్చింది. 16వ శతాబ్దానికి ముందు సీమలో ఎవరూ దాని రుచి ఎరగరు. ముక్కుపొడికి మూలమైన పొగాకు కూడా ఆ దారినే వచ్చింది. తుమ్ము తెప్పిస్తుందన్న మాటేగాని అది ముక్కు పొరకు చెరుపే. ఆవిరి నీళ్లలో వేసే నీలగిరి తైలం ఆస్ట్రేలియా చెట్టుది. ఆ చెట్టును ఊటీ కొండల మీద పెంచడం 19వ శతాబ్దంలో మొదలైంది.

కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు 1893లో బొంబాయిలో అమృతాంజనం తయారుచేసి, 1914లో మద్రాసుకు తరలించారు. సంగీత సభల్లో ఉచితంగా పంచిన ఆ పసుపుపచ్చని మందు సీమ ఇళ్ల గూళ్లలోకీ చేరింది. ఇలాంటి బామ్‌లలో ఉండే మెంథాల్ దారిని వెడల్పు చేయదు, గాలి చల్లగా ఆడుతున్నట్టు నరాలకు అనిపింపజేస్తుంది. రాత్రి నిద్ర పట్టడానికి అదీ మేలే.

లండన్ మిషనరీ సొసైటీ డాక్టర్లు 19వ శతాబ్ది చివర్లో జమ్మలమడుగులో నెలకొల్పిన కాంప్‌బెల్ ఆస్పత్రితో ఇంగ్లీషు వైద్యం ఈ పల్లెలకు దగ్గరైంది. ఇంటి వైద్యం దానితో తగువు పెట్టుకోలేదు. తగ్గకపోతే ఆస్పత్రి, అంతదాకా వావిలాకు అన్న సర్దుబాటు కుదిరింది.

ఉప్పునీళ్లతో ముక్కు కడుక్కునే జలనేతి యోగా శిబిరాల ద్వారా వ్యాపించింది. 15వ శతాబ్దపు హఠయోగ ప్రదీపిక చెప్పిన నేతి నీళ్లతో కాదు, దారంతో. అయినా పరీక్షకు నిలిచింది ఈ నీళ్ల పద్ధతే. ఇంగ్లండులో 871 మందిపై జరిపి 2016లో ప్రచురించిన అధ్యయనంలో ఉప్పునీళ్లు కొంత మేలు చేశాయి, సైనస్ బాధ తగ్గించడంలో ఆవిరి ప్రయోజనం కనబడలేదు. అందుకని ఆవిరి మానమనడం లేదు. హాయి ఇస్తే పట్టవచ్చు, మరిగే గిన్నెను పిల్లల దగ్గర పెట్టకూడదు. కాచి చల్లార్చిన నీళ్లు మాత్రమే ముక్కులోకి వాడాలి. అమెరికాలోని లూసియానాలో 2011లో కుళాయి నీళ్లతో ముక్కు కడుక్కున్న ఇద్దరు మెదడుకు పాకే అమీబా సోకి చనిపోయారు. మన బోరునీళ్లకూ ఇదే జాగ్రత్త.

కోవిడ్ రెండో ఉధృతిలో, 2021లో, ఇంటింటా రోజుకు పలుమార్లు ఆవిరి పట్టారు. అదే ఏడాది చక్కెర జబ్బు ఉన్నవారిని, స్టెరాయిడ్లు వాడినవారిని బ్లాక్ ఫంగస్ దెబ్బతీసింది. ఆ శిలీంధ్రం ముక్కు, సైనస్‌ల నుంచే కంటికి, మెదడుకు ఎక్కుతుంది. కంటి చుట్టూ వాపు, ఒకటి రెండుగా కనబడటం, ముక్కులోంచి నల్లటి స్రావం, మెడ బిగుసుకుపోవడం, వదలని జ్వరం కనిపిస్తే కషాయం కాచే సమయం కూడా వృథా చేయకుండా ఆస్పత్రికి వెళ్లాలి. పది రోజులు దాటినా తగ్గని పడిశాన్ని, తగ్గినట్టే తగ్గి మళ్లీ ముదిరిన దాన్నీ చెవి ముక్కు గొంతు డాక్టరుకు చూపించాలి.