చంకలో పార్సెల్, లోపల కెమెరా: పాల్ మార్టిన్ బీచ్ ఫొటోల కథ

ఇవాళ్టి ఎపిసోడ్ ఒక ఫొటోగ్రాఫర్ గురించి. అయితే ఆయనకి అప్పటికి స్టూడియో లేదు, ఫొటోలు తీయడం ఆయన ఉద్యోగమూ కాదు. చెక్క దిమ్మల మీద బొమ్మలు చెక్కడం ఆయన పని. సెలవు దొరికితే కెమెరా పట్టుకుని బయటికి వెళ్ళేవాడు. 1892లో అలాగే ఇంగ్లండ్ తూర్పు తీరంలో ఉన్న గ్రేట్ యార్మత్ అనే ఊరి బీచ్‌కి వెళ్ళాడు. చంకలో ఒక పెట్టె. చూసినవాళ్ళు ఏదో పార్సెల్ మోసుకెళ్తున్నాడు అనుకుంటారు, అంతే. ఆ పెట్టెతో ఇసుకలో కూర్చున్నవాళ్ళని, పడుకున్నవాళ్ళని, ఒకరి మీద ఒకరు ఒరిగిపోయిన ప్రేమికులని, వాళ్ళకి తెలియకుండా ఫొటోలు తీశాడు. ఆయన పేరు పాల్ మార్టిన్.

నేను ఈ కథ ఎందుకు ఎంచుకున్నానో ముందే చెప్పేస్తాను. వైజాగ్ ఆర్కే బీచ్‌కి ఏ ఆదివారం సాయంత్రం వెళ్ళినా సగం మంది చేతుల్లో ఫోన్ పైకి లేచే ఉంటుంది. మన సెల్ఫీలో వెనకాల ఎవరో పడతారు. ఎవరి రీల్‌లోనో మనం పడతాం. ఒక్కోసారి ఎవరో ఒక జంటని జూమ్ చేసి తీసి, దానికి పాట పెట్టి వదిలేస్తారు. "మమ్మల్ని అడిగి తీశారా?" అనే గొడవ అక్కడ మొదలవుతుంది. మనలో చాలామంది ఈ గొడవ స్మార్ట్‌ఫోన్‌తోనే పుట్టిందనుకుంటాం. కాదండీ. ఇది 130 ఏళ్ళు దాటిన గొడవ. అది పుట్టిన రోజుల్లోకి వెళ్తే మన గొడవ కూడా కాస్త స్పష్టంగా కనిపిస్తుంది.

ముందు ఒక చిన్న ప్రశ్న. ఫొటోగ్రఫీ గురించి ప్రపంచానికి తెలిసింది 1839లో. మరి బీచ్‌లో జనాన్ని ఇలా తీయడానికి ఇంకో యాభై ఏళ్ళు ఎందుకు పట్టింది?

కారణం కెమెరా కాదు, దాని లోపల పెట్టే ప్లేటు. 1851లో ఫ్రెడరిక్ స్కాట్ ఆర్చర్ అనే ఆయన తడి ప్లేటు పద్ధతి కనిపెట్టాడు. గాజు పలక మీద కొలోడియన్ అనే జిగురు ద్రవం పూయాలి, వెండి లవణం కలిపిన నీళ్ళలో ముంచాలి, తడి ఆరకముందే ఫొటో తీయాలి, తడి ఆరకముందే డెవలప్ కూడా చేసేయాలి. అంటే ఫొటోగ్రాఫర్ ఎక్కడికి వెళ్తే అక్కడికి సీసాలు, నీళ్ళు, ఒక చీకటి గుడారం వెంట వెళ్ళాల్సిందే. ఇదంతా సముద్రం ఒడ్డున, గాలిలో, ఇసుకలో! అప్పటికే 1850ల్లో గుస్తావ్ లె గ్రే అనే ఫ్రెంచ్ ఫొటోగ్రాఫర్ సముద్రాన్ని అద్భుతంగా తీశాడు. కానీ ఆకాశం వెలుగు, నీటి వెలుగు ఒకే ప్లేటులో సరిగ్గా కుదరక, కొన్ని ఫొటోలకి మబ్బులు ఒక నెగెటివ్‌లోంచి, అలలు ఇంకో నెగెటివ్‌లోంచి తీసుకుని కలిపి ప్రింటు వేశాడు. మన ఫోన్‌లో హెచ్‌డీఆర్ అనే ఆప్షన్ చేసే పని, ఇంచుమించు అదే.

1871లో రిచర్డ్ లీచ్ మాడాక్స్ అనే డాక్టరు కొలోడియన్‌కి బదులు జెలటిన్ వాడొచ్చని రాశాడు. దాన్ని మిగతావాళ్ళు మెరుగుపరిచారు. కొన్నేళ్ళలోనే పొడి ప్లేట్లు షాపుల్లో డబ్బాల్లో దొరకడం మొదలైంది. కొనుక్కోవచ్చు, దాచుకోవచ్చు, ఫొటో తీసి ఇంటికెళ్ళాక తీరిగ్గా కడుక్కోవచ్చు. పైగా వెలుగుని చాలా త్వరగా పట్టుకుంటాయి. సెకనులో చిన్న ముక్క చాలు. అప్పుడు స్టాండు అక్కర్లేదు, చేత్తో పట్టుకునే తీయొచ్చు. 1888లో జార్జ్ ఈస్ట్‌మన్ కొడాక్ కెమెరా తెచ్చాడు. ధర 25 డాలర్లు, లోపల 100 ఫొటోల రోలు. అయిపోయాక కెమెరాతో సహా ఫ్యాక్టరీకి పంపిస్తే వాళ్ళే కడిగి ప్రింట్లు వేసి, కొత్త రోలు నింపి పంపేవాళ్ళు. ఫొటో తీయడానికి కెమిస్ట్రీ తెలియాల్సిన అవసరం పోయింది.

ఇప్పుడు బీచ్ సంగతి. గ్రేట్ యార్మత్ మొదట హెర్రింగ్ చేపలకి పేరుపడ్డ రేవు. 1844లో నార్విచ్ నుంచి అక్కడికి రైలు వచ్చింది. 1871లో బ్రిటిష్ పార్లమెంటు బ్యాంకు సెలవుల చట్టం చేసింది. ఆగస్టులో ఒక సోమవారం సెలవు దొరికింది. అంతకుముందు సముద్రతీరానికి షికారు అంటే డబ్బున్నవాళ్ళ వ్యవహారం. ఇప్పుడు గుమాస్తాలు, షాపుల్లో పనిచేసేవాళ్ళు, ఇళ్ళలో పనిచేసే అమ్మాయిలు కూడా చవక టికెట్టు కొనుక్కుని పొద్దున వెళ్ళి రాత్రికి తిరిగొచ్చేవాళ్ళు. ఇలా వచ్చే జనమే పాల్ మార్టిన్ ఫొటోల్లో ఉన్నారు.

ఈ మార్టిన్ ఎవరు? 1864లో ఫ్రాన్స్‌లోని లొరేన్ ప్రాంతంలో పుట్టాడు. చిన్నప్పుడే కుటుంబం లండన్ వచ్చేసింది. అక్కడ చెక్క చెక్కే పని నేర్చుకున్నాడు. ఆ రోజుల్లో పత్రికలో ఫొటోని నేరుగా అచ్చు వేయడం రాదు. ఫొటో ఉన్నా సరే, ఒక పనివాడు దాన్ని చూసి గట్టి చెక్క దిమ్మ మీద గీతలు గీతలుగా చెక్కాలి. ఆ దిమ్మకి సిరా రాసి అచ్చు వేసేవాళ్ళు. బొమ్మ పెద్దదైతే దిమ్మని ముక్కలు చేసి తలా ఒక ముక్క చెక్కి, మళ్ళీ బిగించేవాళ్ళు.

ఇక్కడే అసలు చిక్కు ఉంది. 1880ల నుంచి హాఫ్‌టోన్ అనే పద్ధతి వచ్చింది. ఫొటోని చిన్న చిన్న చుక్కలుగా మార్చి సూటిగా అచ్చు వేయడం అన్నమాట. ఇక చెక్కేవాళ్ళతో పనేముంది? అంటే మార్టిన్ ఆదివారం సరదాగా చేసే పని, సోమవారం నుంచి అన్నం పెట్టే పనిని తినేస్తోంది. ఏఐ వచ్చి మా డిజైన్ పని పోతుందేమో అని భయపడే తమ్ముళ్ళు, చెల్లెళ్ళు ఈ ఎపిసోడ్ చూస్తుంటే వాళ్ళకి మార్టిన్ పరిస్థితి బాగా అర్థమవుతుంది. చివరికి 1899లో ఆయన చెక్కడం వదిలేసి, ఒక పార్ట్‌నర్‌తో కలిసి ఫొటోగ్రఫీనే వృత్తిగా పెట్టుకున్నాడు. కానీ మనం ఇవాళ గుర్తుపెట్టుకున్న ఫొటోలు ఆ తర్వాతవి కావు, అంతకుముందు సరదాకి తీసినవే.

1892లో ఆయన చేతికొచ్చిన కెమెరా పేరు ఫాసిల్. పెట్టెలాంటి కెమెరా, అందులో 12 గాజు ప్లేట్లు. ఒకటి అయిపోగానే లోపలే ఇంకోటి ముందుకొస్తుంది. చంకలో పెట్టుకుని నిలబడితే ఎవరికీ అనుమానం రాదు. దానితో యార్మత్ ఇసుకలో తిరిగాడు. ఆ ఫొటోల్లో మనకి ముందు కనిపించేది బట్టలు. ఎండలో, ఇసుకలో కూడా మగవాళ్ళు కోటు, టోపీ తీయలేదు. ఆడవాళ్ళు పాదాల దాకా గౌన్లు, తల మీద టోపీలు. కానీ మనుషులు మాత్రం ఒదిగి కూర్చోలేదు. ఒక కుర్రాడు అమ్మాయి చుట్టూ చెయ్యి వేసి ఇసుకలో పడుకున్నాడు. చుట్టూ అంతమంది ఉన్నా ఇద్దరికీ పట్టలేదు. విక్టోరియా రాణి కాలం అనగానే మనకి గుర్తొచ్చేది స్టూడియోలో బిగుసుకుని కూర్చున్న మొహాలు. అదే కాలం మనుషులు సెలవు రోజున ఇలా కూడా ఉండేవాళ్ళని మనకి చూపించింది ఈ ఫొటోలే.

అదే 1892లో లండన్‌లో లింక్డ్ రింగ్ అనే ఫొటోగ్రాఫర్ల సంఘం పుట్టింది. ఫొటో కూడా పెయింటింగ్ లాగే కళ అనిపించుకోవాలి అన్నది వాళ్ళ పట్టుదల. యార్మత్‌కి దగ్గర్లోనే ఉన్న నార్ఫోక్ చెరువుల ప్రాంతంలో పీటర్ హెన్రీ ఎమర్సన్ అనే డాక్టరు 1886లో ఒక గొప్ప ఆల్బమ్ తెచ్చాడు. ఆయనా అమెచ్యూరే, కానీ ఉన్నవాడు. స్టాండు మీద పెద్ద కెమెరా పెట్టి, చాలా ఫొటోల్లో పల్లెవాళ్ళని అలా నిలబడండి, ఇలా వంగండి అని ఏర్పాటు చేసి తీశాడు. చూడ్డానికి చాలా అందంగా ఉంటాయి. మరి బీచ్‌లో నోరు తెరుచుకుని నిద్రపోయేవాడి ఫొటోని ఈ కళాభిమానులు ఎక్కడ పెట్టాలి? మార్టిన్ కూడా ఒక దారి వెతికాడు. లండన్ వీధుల్లో తీసిన కొందరి ఫొటోల్లో వెనకున్నదంతా చెరిపేసి, మనిషి ఒక్కడే శిల్పంలా నిలబడేట్టు స్లైడ్లు చేశాడు. మనం ఇప్పుడు ఫోన్‌లో ఒక్క టచ్‌తో బ్యాక్‌గ్రౌండ్ తీసేస్తాం కదా, ఆయన ఆ పని చేత్తో చేశాడు. ఆ తర్వాత రాత్రిపూట గ్యాస్ దీపాల వెలుగులో లండన్‌ని తీసిన ఫొటోలకి రాయల్ ఫొటోగ్రాఫిక్ సొసైటీ మెడల్ కూడా వచ్చింది. అయినా ఇవాళ చరిత్ర రాసేవాళ్ళు మళ్ళీ మళ్ళీ వెతుక్కుంటూ వెళ్ళేది ఆ యార్మత్ ఇసుక దగ్గరికే.

ఇప్పుడు రెండో వైపు కూడా చూద్దాం. ఇసుకలో ఉన్న ఆ అమ్మాయి ఒక ఇంట్లో పనిమనిషి అనుకోండి. ఆ రోజుల్లో పనిమనిషికి కొత్త ఇంట్లో ఉద్యోగం కావాలంటే పాత యజమానురాలు మంచి నడవడిక అని కాగితం రాసివ్వాలి. ఆ ఫొటో ఆమె కంట పడితే? ఒక్క ఫొటోతో కూడు పోవచ్చు. కాబట్టి "పబ్లిక్ ప్లేసే కదా, తీస్తే తప్పేంటి" అనడం అంత తేలిక కాదు. తీసినవాడికి అది సరదా. దాని ఖరీదు కట్టాల్సి వస్తే కట్టేది ఫొటోలో ఉన్నవాళ్ళు.

ఈ భయం అప్పటివాళ్ళకీ ఉంది. 1890 డిసెంబరులో అమెరికాలో శామ్యూల్ వారెన్, లూయీ బ్రాండైస్ అనే ఇద్దరు లాయర్లు హార్వర్డ్ లా రివ్యూలో ప్రైవసీ హక్కు గురించి ఒక వ్యాసం రాశారు. క్షణంలో తీసే ఫొటోలు, పత్రికలు కలిసి మనుషుల సొంత బతుకులోకి చొరబడుతున్నాయి, చట్టం అడ్డుపడాలి అన్నది వాళ్ళ వాదన. ఆ వ్యాసం మన దేశం దాకా వచ్చింది. 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో మన సుప్రీంకోర్టు తొమ్మిదిమంది జడ్జీల బెంచి, ప్రైవసీ మన ప్రాథమిక హక్కు అని చెప్పింది. ఆ తీర్పులో ఈ వ్యాసం గురించి కూడా చర్చ ఉంది. ఐటీ చట్టం 66ఈ సెక్షన్ ఇంకోటి ఉంది. ఒకరి శరీరంలోని ప్రైవేటు భాగాలని వాళ్ళ ప్రైవసీకి భంగం కలిగేలా, ఒప్పుకోలు లేకుండా తీసినా, పంపినా మూడేళ్ళ వరకు జైలు, లేదా రెండు లక్షల వరకు జరిమానా, లేదా రెండూ. బీచ్‌లో తడిబట్టల్లో ఉన్నవాళ్ళ మీద ఫోన్ తిప్పేవాళ్ళు ఇది గుర్తుపెట్టుకుంటే మంచిది.

మరి మార్టిన్ చేసింది తప్పా, ఒప్పా? నా లెక్క ఇది. ఆయన ఫొటో ఎక్కడిదాకా వెళ్ళింది? ఒక గాజు స్లైడు, క్లబ్బులో ఒక తెర, దాని ముందు కొంతమంది. ఆయన వాటిని 1939లో ఒక పుస్తకంగా తెచ్చేసరికి నలభై ఏడేళ్ళు గడిచిపోయాయి. ఇప్పుడవి లండన్‌లో విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలోనూ, అమెరికాలో టెక్సస్ యూనివర్సిటీలోనూ ఉన్నాయి. ఆ జంటకి ఇప్పుడు ఏ నష్టమూ లేదు, మనకి మాత్రం ఎంతో లాభం. మన ఫోన్‌లో మధ్యలో ఆ నలభై ఏడేళ్ళు లేవు. తీసిన గంటకి ఆ అమ్మాయి వాళ్ళ ఊరి వాట్సాప్ గ్రూపులో ఉంటుంది. తీయడం రెండు కాలాల్లోనూ ఒకటే, తేడా అంతా పంచడంలో ఉంది.

అలాగని జనాన్ని ఫొటో తీయొద్దు అని నేను అనను. అందరూ సూర్యోదయాలే తీస్తే, వందేళ్ళ తర్వాత మన బీచ్‌లో మొక్కజొన్న కంకులు కాల్చే అవ్వ ఎలా ఉండేదో, వలలు బాగుచేసుకునేవాళ్ళు ఎక్కడ కూర్చునేవాళ్ళో ఎవరికీ తెలియదు. సూర్యుడు అప్పుడూ ఉంటాడు, వీళ్ళు ఉండరు. అందుకే తీయండి. మొహం స్పష్టంగా పడితే వెళ్ళి చూపించండి, "అక్కా, ఉంచుకోనా?" అని అడగండి. వద్దంటే వాళ్ళ ముందే డిలీట్ చేయండి. ఒప్పుకుంటే పేరు, ఊరు, తేదీ రాసిపెట్టుకోండి. మార్టిన్ దాక్కుని తీశాడు కాబట్టి ఆ జంట పేర్లు అడిగే వీలే లేకపోయింది. మనకి ఆ ఇబ్బంది లేదు. పోస్ట్ చేయాలా వద్దా అనేది మాత్రం ఆ రోజే తేల్చేయకండి, కొన్నాళ్ళు ఆగి ఆలోచించండి.

మీ ఇంట్లో తాతగారో, నాన్నగారో సముద్రం ఒడ్డున దిగిన పాత ఫొటో ఉంటే వెనకాల నిలబడ్డవాళ్ళని కూడా ఒకసారి చూడండి. వాళ్ళు ఎవరో, ఏ ఊరి బీచో, ఏ సంవత్సరమో తెలిసినవాళ్ళు ఉండగానే అడిగి రాసిపెట్టండి.