చింతగింజలు పారేయకండి

ఎండాకాలం వస్తే మా కరీంనగర్‌లో చింతపండు పని మొదలు. మధ్యాహ్నం తలుపులు దగ్గరకేసుకొని ఆడవాళ్లమంతా గింజలు తీస్తాం. చిన్నప్పుడు వాటితో ఓమనగుంటలు ఆడేవాళ్లం, మిగిలినవి పారబోసేవాళ్లం.

పోయిన వేసవిలో మా అత్తమ్మ పెళ్లినాటి నిర్మల్ చిలక రెక్క ఊడింది. సెలవుల్లో ఫోన్ వదలని మా పాప "అతికిద్దాం అమ్మా" అంది. ఆ బొమ్మలను అతికేది చింతగింజలతోనేనని అప్పుడే తెలిసింది నాకు!

పాత ఆదిలాబాద్ జిల్లాలోని నిర్మల్‌లో నకాషీ కుటుంబాలు తేలికైన పొనికి కర్రను చెక్కుతాయి. నానబెట్టి రుబ్బిన చింతగింజల ముద్దలో రంపపు పొట్టు కలిపి ముక్కలను అతికి, తెల్లమట్టి పూసి, ఆరాక రంగులేస్తారు. 17వ శతాబ్దంలో నిమ్మనాయుడు ఈ కళను ఆదరించాడని చెప్పుకుంటారు. తర్వాత నిజాముల కాలం వచ్చినా పని ఆగలేదు. 2009లో భౌగోళిక గుర్తింపూ వచ్చింది. కానీ పొనికి చెట్లు తగ్గాయి, ప్లాస్టిక్ బొమ్మలు చవకయ్యాయి. రాజులు మారినప్పుడు ఆగని పని ఇప్పుడు ఆగుతుందేమోనని నా భయం.

పాపా నేనూ రెండు రోజులు గింజలు నానబెట్టి రుబ్బాం. రెక్క కొంచెం వంకరగానే అతుక్కుంది. అత్తమ్మ దాన్ని చేతిలోకి తీసుకొని చాలాసేపు మాట్లాడలేదు.

ఈ వేసవిలో మీరూ పిల్లలతో కూర్చొని ఒక పాత బొమ్మ బాగుచేయండి. అటువైపు వెళ్తే నిర్మల్‌లో ఆగి కొత్తది ఒకటి కొనండి. మన అతుకు మన ఇంటి బొమ్మకే. వాళ్ల పొయ్యి వెలగాలంటే మనం కొనాలి కదా!