ఎర్రకారం మీద పడ్డ నింద

కర్నూల్లోగానీ కడపలోగానీ కడుపులో మంట అన్నామంటే మొదటి ముద్దాయి ఎర్రకారమే. దోసె మీద పూసుకుంటిరి, సంగటిలోకి ఊరిమిండి నూరుకుంటిరి, ఇంక పుండు పడక ఏమవుతుంది అంటారు.

1982లో ఈ కేసు తిరగబడింది. ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో బారీ మార్షల్, రాబిన్ వారెన్ అనే వైద్యులు రోగుల కడుపులోంచి తీసిన ముక్కల్లో ఒక వంకర క్రిమిని పెంచాలని చూసి విసిగిపోయారు. ఈస్టర్ సెలవులకు ఆ క్రిమిని పెంచే పళ్లేలు రెండ్రోజులకు బదులు ఇంకొన్నాళ్లు ఉండిపోయాయి. అప్పుడు మొలిచింది, హెలికోబాక్టర్ పైలోరీ. కారం మంట రేపొచ్చుగానీ, పుండ్లకు ప్రధాన కారణాలు ఈ క్రిమీ, నొప్పి మాత్రలూ.

మరి ఇది ఎక్కడ అంటుకుంటుంది? 1991లో అచ్చయిన ఒక అధ్యయనం హైదరాబాదులో పేదవర్గాల 238 మంది రక్తం పరీక్షించింది. 20 ఏళ్లు వచ్చేసరికే 80 శాతానికి పైగా మందికి అంటుకుని ఉంది. అంటే చిన్నతనంలోనే.

అనుమానం నీళ్ల మీదికి పోతుంది. 2007 నాటి మరో హైదరాబాదు అధ్యయనంలో బావినీళ్లు తాగేవాళ్లలో 92 శాతం, కొళాయి నీళ్లవాళ్లలో 74.8 శాతం మందికి ఈ క్రిమి ఉంది. ఎండాకాలం పెన్న ఇసుకలో చెలమ తవ్వి, మొదటి బురదనీళ్లు తోడిపోసి, తేట ఊరేదాకా బిందె పక్కన కూర్చునే ఆడవాళ్లను చూసినవాళ్లు ఈ లెక్కను ఇట్టే నమ్ముతారు. నమ్మండి, కానీ కొళాయివాళ్లలోనూ నలుగురిలో ముగ్గురికి ఉందే! ఒక్క నీళ్లతో ముడి వీడదు.

కొస బ్రిటన్‌లో దొరికింది. 1992లో అక్కడి పరిశోధకులు పెద్దవాళ్ల చిన్ననాటి ఇల్లు ఎలాంటిదో ఆరా తీశారు. ఎంతమంది ఉండేవాళ్లు? వేడినీళ్ల కొళాయి ఉండేదా? ఇరుకింట్లో, ఆ కొళాయి లేని ఇంట్లో పెరిగినవాళ్లలోనే క్రిమి ఎక్కువ. మన పాత ఇళ్లు గుర్తు తెచ్చుకోండి: ఒకే గదిలో వరసగా పడుకున్న పిల్లలు, అందరికీ ఒకే చెంబు, చంటివాడికి అమ్మ నమిలి పెట్టిన ముద్ద. తర్వాత మేడ కట్టి ఫిల్టరు నీళ్లు తాగినా, మందు పడనిదే ఆ క్రిమి సాధారణంగా పోదు.

ఇంకో ముడి మిగిలింది. ఇంతమందిలో ఉన్న క్రిమి కొందరికే పుండు పెడుతుందెందుకు? మైసూరులో పనిచేసిన సర్జన్ ఫ్రాంక్ టోవీ 1970ల్లోనే ఒక సంగతి పట్టుకున్నాడు: బియ్యం ముఖ్యాహారమైన చోట పుండ్లు ఎక్కువ, గోధుమలూ చిరుధాన్యాలూ తినేచోట తక్కువ. తిండే కారణమని ఆయన వాదన, అందరూ ఒప్పుకోలేదు. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చాక జొన్నసంగటి వెనక్కి తగ్గిన రాయలసీమలో ఆ లెక్క ఎవరైనా మళ్లీ తీస్తే చూడాలని ఉంది నాకు.