పాత లేత్ మిషన్ – కొనేముందు పరీక్ష

లోహాన్ని గుండ్రంగా తిప్పుతూ టూల్‌తో చెక్కే యంత్రం లేత్. వాడిన లేత్‌ను కొనేముందు దాని బెడ్, స్పిండిల్, స్లయిడ్లు, స్క్రూలు ఎంత అరిగాయో చూసి, బాగుచేయించడానికి ఎంతవుతుందో అంచనా కట్టడం ఈ పరీక్ష. అరగని పాత లేత్ ఎక్కడా దొరకదు కాబట్టి చూడాల్సింది అరుగుదల ఏ భాగంలో ఉందన్నది. నట్టు, బుష్, బెల్టు, స్లయిడ్ల వదులును సర్దే జిబ్ మార్చుకోవచ్చు. బెడ్ గానీ స్పిండిల్ గానీ చెడితే మరమ్మతు ఖర్చు ఒక్కోసారి యంత్రం ధరనే దాటిపోతుంది.

మన దేశంలో సాధారణ లేత్‌ను బెడ్ పొడవును బట్టి ఆరడుగులది, ఎనిమిదడుగులది అంటారు. పాత యంత్రాల మార్కెట్లో బటాలా, రాజ్‌కోట్ ఊళ్లలో తయారైనవి, 1953లో బెంగళూరులో మొదలైన హెచ్.ఎం.టి. యంత్రాలు తరచుగా కనిపిస్తాయి. హెచ్.ఎం.టి. ఎన్‌హెచ్22 మోడల్ పేరులోని అంకె సెంటర్ ఎత్తు 220 మి.మీ. అని చెబుతుంది. పేరున్న కంపెనీదైనా మూడు షిఫ్టులూ కాస్టింగుల దుమ్ములో నడిచిన లేత్ కంటే, ఐటీఐలో విద్యార్థులు అప్పుడప్పుడు తిప్పిన చిన్న కంపెనీ లేత్ మెరుగ్గా ఉండవచ్చు. కొత్తగా రంగు వేసిన యంత్రాన్ని మాత్రం రెండుసార్లు చూడాలి. పుట్టీ కింద పగులు గానీ, వెల్డింగు అతుకు గానీ ఉండే వీలుంది.

పరీక్ష బెడ్‌తో మొదలవుతుంది. పని ఎక్కువగా రాడ్‌ను పట్టే చక్ దగ్గరే జరుగుతుంది కనుక అరుగుదలా అక్కడే ఎక్కువ. టూల్‌ను మోసే శాడిల్ ఎన్నడూ నడవని అంచుకు, నడిచే దారికి మధ్య గోరుకు తగిలే మెట్టు ఉంటే యంత్రం చాలాకాలం పనిచేసిందని అర్థం. ఇంకో పద్ధతి, శాడిల్‌ను చక్ పక్కకు తెచ్చి, కష్టంగా కదిలేంతవరకు బిగించే బోల్టును తిప్పి, ఎదురు చివరనున్న టెయిల్‌స్టాక్ వైపు నడపడం. బెడ్ అరగనిచోట మందం ఎక్కువ కాబట్టి శాడిల్ అక్కడికి చేరేసరికి పట్టేస్తుంది. ఎంత త్వరగా పట్టేస్తే చక్ దగ్గర అంత అరుగుదల ఉన్నట్టు.

ఆ అరుగుదల పనిని ఎంత చెడగొడుతుందన్నది టూల్ ఏ దిశలో జరిగిందన్నదాని మీద ఉంటుంది. 40 మి.మీ. వ్యాసం ఉన్న రాడ్ మీద టూల్ నిలువుగా 0.1 మి.మీ. దిగితే వ్యాసంలో తేడా మైక్రాన్‌లో సగమే. అదే 0.1 మి.మీ. అడ్డంగా జరిగితే వ్యాసంలో 0.2 మి.మీ. తేడా వస్తుంది. అందుకే పైకి భయపెట్టేలా కనిపించే పల్లం కంటే బెడ్ మీది వీ ఆకారపు గట్టు పక్కల అరుగుదలే పెద్ద ప్రమాదం.

స్పిండిల్, గేర్లు ఉండే హెడ్‌స్టాక్‌లో చూడాల్సింది స్పిండిల్ బేరింగులు. డయల్ గేజ్‌ను బెడ్ మీద నిలిపి, దాని మొనను స్పిండిల్ ముక్కుకు ఆనించి స్పిండిల్‌ను చేత్తో తిప్పాలి. తర్వాత చక్ కింద కర్రతో పైకి ఎత్తి చూడాలి. ఎత్తినప్పుడు ముల్లు రెండు మూడు వందో వంతుల మిల్లీమీటరు కదిలితే బేరింగు సర్దుబాటుతో సరిపోవచ్చు. అంతకు బాగా మించితే బేరింగులు మార్చే ఖర్చు లెక్కలో వేసుకోవాలి. చక్‌లో పట్టిన రాడ్ ఊగుతుంటే స్పిండిల్‌ను అనుమానించే ముందు చక్‌ను అనుమానించాలి. నోరు అరిగిన మూడు దవడల చక్ మంచి స్పిండిల్‌కు చెడ్డపేరు తెస్తుంది. ఆ తర్వాత అన్ని వేగాల మీదా నడిపి గేర్ల చప్పుడు వినాలి. అరగంట నడిచాక బేరింగు దగ్గర చెయ్యి పెట్టలేనంత వేడి ఉండకూడదు. ఆయిల్ పాలలా ఉంటే నీరు చేరింది. అందులో లోహపు పొట్టు ఉంటే గేర్లు అరుగుతున్నాయి.

క్రాస్ స్లయిడ్ హ్యాండిల్‌ను వెనక్కు తిప్పినప్పుడు స్లయిడ్ కదలకముందు ఎన్ని గీతలు పోతున్నాయో చూస్తే ప్లే తెలుస్తుంది. కొద్దిపాటి ప్లేను టర్నర్లు పట్టించుకోరు. మధ్యలో ఒకలా, చివర్లో ఇంకోలా ఉంటే మాత్రం నట్టు మార్చి లాభం లేదు, స్క్రూ కూడా అరిగింది. మరలు కోసేటప్పుడు శాడిల్‌ను నడిపే లీడ్ స్క్రూ మర చక్ వైపు పదునెక్కి కనిపిస్తే మరలు కోసే పనికి ఆ యంత్రాన్ని నమ్మలేం. ఫీడ్ షాఫ్ట్ వేరుగా లేని లేత్‌లలో మామూలు టర్నింగ్‌కీ లీడ్ స్క్రూనే తిరుగుతుంది కనుక ఈ అరుగుదల త్వరగా వస్తుంది. టెయిల్‌స్టాక్ అడుగు అరిగి సెంటర్ కిందికి దిగినా ప్యాకింగ్ పెట్టి సరిచేయవచ్చు.

చివరి పరీక్ష కోత. 50 మి.మీ. రాడ్‌ను టెయిల్‌స్టాక్ ఆసరా లేకుండా 200 మి.మీ. బయటికి ఉంచి, నడుమ చెక్కేసి, రెండు చివర్లా రెండు కాలర్లు వదలాలి. క్రాస్ స్లయిడ్ ముట్టకుండా రెంటినీ ఒకే పలచని కోతతో చెక్కి మైక్రోమీటరుతో కొలవాలి. తేడా వస్తే యంత్రం చెడిందని వెంటనే తీర్మానించకూడదు. నేల సమంగా లేక బెడ్ మెలిపడినా ఇదే టేపర్ వస్తుంది. మీటరుకు 0.02 మి.మీ. చూపే స్పిరిట్ లెవెల్‌ను బెడ్‌కు అడ్డంగా రెండు చివర్లా పెడితే ఆ సంగతి తేలుతుంది. సాధారణ లేత్‌ల పరీక్షల ప్రమాణం ఐఎస్ఓ 1708 ఫేసింగ్ చేసిన ముఖం కాస్త లోపలికి ఉండటాన్ని ఒప్పుకుంటుంది, ఉబ్బును ఒప్పుకోదు.

ఛేంజ్ గేర్లు, నాలుగు దవడల చక్, ఫేస్ ప్లేట్, స్టెడీ యంత్రంతోనే వస్తున్నాయో లేదో ధర మాట్లాడకముందే అడగాలి, విడిగా వెతికితే ఒక పట్టాన దొరకవు. కరెంటు లేదన్న కారణంతో అమ్మేవారు లేత్‌ను నడిపి చూపకపోతే, హెడ్‌స్టాక్ పాడైనట్టే లెక్కగట్టి ధర చెప్పాలి, లేదా కరెంటున్న రోజున మళ్లీ వెళ్లాలి.