బీరువా పుట్టిల్లు

ప్రత్యేక సంచికకు చరిత్ర వ్యాసం ఏదైనా వ్రాసి ఇవ్వమని మన సంఘం కార్యదర్శి గారు అడిగితే జగిత్యాల ఖిల్లా గురించి వ్రాద్దామని కూర్చున్నాను. కూర్చున్నది మా నాన్నగారి నాటి టేకు కుర్చీలో. దాంతో ఖిల్లా దగ్గర మొదలైన ఆలోచన కుర్చీల మీదికి, బీరువాల మీదికి పోయింది. మిత్రులు మన్నించాలి.

ఖిల్లా సంగతి మన వారందరికీ తెలిసిందే. ఎలగందల పాలకుడు ఇబ్రహీం ఖాన్ ధంసా 1747లో కట్టించాడని, జాక్, తాల్ అనే ఇద్దరు ఫ్రెంచి ఇంజనీర్లు నమూనా గీశారని చెప్పుకుంటారు. వారిద్దరి పేర్లు కలిసి జగిత్యాల అయిందనే కథ ఒకటి ఉంది. పొలాసను ఏలిన జగ్గదేవుని పేరు మీద ఊరు వెలిసిందనే మాట దానికంటే నమ్మదగినదని నా అభిప్రాయం. పేరు మాట ఎలా ఉన్నా, నక్షత్రం ఆకారంలో ఉన్న ఆ గోడలు, చుట్టూ ఉన్న కందకం ఐరోపా పద్ధతివేనని చూడగానే తెలుస్తుంది.

1747లో ఫ్రాన్సును ఏలుతున్నది పదిహేనవ లూయీ (1715–1774). ఆయన కాలంలో రాజభవనాల కుర్చీలకు, బల్లలకు వంపు తిరిగిన కాళ్లు వచ్చాయి. పారిస్ ధనికుల ఇళ్లలో వాటికి బంగారు పూత, ఇత్తడి నగిషీ ఉండేవి. పల్లెల వడ్రంగులు ఆ వంపును మాత్రం తీసుకుని, తమ ఊళ్లో దొరికే ఓక్, అక్రోటు, చెర్రీ కర్రలతో రైతుల ఇళ్లకు సామాను చేశారు. ఈనాడు ఫ్రెంచి పల్లె సామాను అని పిలుస్తున్నది ఆ రైతుల ఇళ్లలోదే.

అందులో మన ఆడవాళ్లకు నచ్చేది పెళ్లి అల్మారా. నార్మండీ ప్రాంతంలో ఆడపిల్ల పెళ్లికి నిలువెత్తు అల్మారా ఇచ్చేవారు. తలుపుల పైన పావురాల జంట, పూలబుట్ట, గోధుమ కంకులు చెక్కి ఉంటాయి. లోపల పిల్ల వెంట పంపే దుప్పట్లు, బట్టలు పెట్టేవారు. మన వైపు సందూగ సరిగ్గా ఇదే కదా! ప్రొవాన్స్ ప్రాంతంలో రొట్టెలు పెట్టుకునే చిన్న కర్రపెట్టె ఒకటి ఉండేది. గాలి ఆడేందుకు చుట్టూ కడ్డీలు, ఎలుకలకు అందకుండా గోడకు తగిలింపు. మన ఉట్టి చేసే పనే అది కూడా చేసేది. కుర్చీలకు గడ్డి పేని అల్లేవారు. నులక మంచం మీద పడుకున్న వారికి అందులో వింత ఏమీ కనిపించదు.

ఇక బీరువా. మనం అచ్చ తెలుగనుకునే ఈ మాట ఫ్రెంచి వారి ‘బ్యూరో’ నుంచి వచ్చింది. తమిళులు ‘బీరో’ అంటారు. ఫ్రెంచి వారు 1954 వరకు ఉన్న పుదుచ్చేరి, యానాంల వైపు నుంచి పాకి ఉంటుంది. అల్మారా మాత్రం పోర్చుగీసు వారిది. బ్యూరో అంటే మొదట ముతక ఉన్నిబట్ట. వ్రాసుకునే బల్ల మీద ఆ బట్ట పరిచేవారు. బట్ట పేరు బల్లకు, బల్ల పేరు కచేరీకి వచ్చాయి. ముప్పై ఏళ్లు ఫైళ్లు మోసిన మనబోటి వాళ్లందరి మూలపురుషుడు ఒక ముతక గుడ్డ ముక్క అన్నమాట! సిరిసిల్లలో పని చేసిన రోజుల్లో ఈ సంగతి తెలిసి ఉంటే అక్కడి నేత మిత్రులకు చెప్పి నవ్వించేవాణ్ణి.

సిరిసిల్లలో నేను చూసిన ఒక ముసలి వడ్రంగి మగ్గాలు చేసిన చేతులతోనే కుర్చీలు చేసేవాడు. మగ్గం రోజంతా అదిరేది గనుక మేకు నిలవదని, ఒక కర్ర కొసను చెక్కి ఇంకొక కర్ర తొర్రలో దూర్చి, అడ్డంగా కర్రమేకు దిగ్గొట్టాలని చెప్పేవాడు. నార్మండీ అల్మారాలదీ అదే పద్ధతి. ఎండకు, వానకు కర్ర అడ్డంగా ఉబ్బుతుంది, కుంచించుకుంటుంది. అందుకే తలుపు పలకను గాడిలో వదులుగా ఉంచుతారు, అంటించరు. పాత గుండ్రటి బల్లను కొలిస్తే ఒకవైపు కొంచెం తగ్గి ఉండడానికీ ఇదే కారణం. కొత్త సామానుకు రంగు గీకి పాతదని అమ్మేవాళ్లు ఇప్పుడు చాలామంది ఉన్నారు గనుక, కొనేవారు బల్ల కింద చేయి పెట్టి చూడాలి. చేతి చిత్రిక పట్టిన కర్ర కొద్దిగా ఎగుడుదిగుడుగా తగులుతుంది.

మన ఇళ్లలోకి ఇనుప బీరువా తర్వాత వచ్చింది. గోద్రెజ్ వారు 1923లో మొదటిది చేశారు. మన పల్లెల్లోకి అది పారింది దుబాయి, మస్కట్ డబ్బులు వచ్చినప్పటి నుంచే. కోరుట్ల చుట్టుపక్కల కొత్త ఇల్లు కట్టిన ప్రతివారూ పాత కర్ర సామాను బయట పెట్టారు.

వారిని అనడానికి నాకు నోరు లేదు. కోరుట్ల నుంచి మా నాయనమ్మ కాపురానికి వస్తూ ఎడ్లబండి మీద తెచ్చుకున్న సందూగను, అన్నదమ్ముల పంపకాలప్పుడు నేనే పాత సామాను వానికి అమ్మాను. తూకం లెక్కన ఇచ్చాడు. మూత లోపల ఆమె కుంకుమతో వేసుకున్న బొట్లు అలాగే ఉన్నాయి. కర్రను తూకానికి అమ్మిన సంగతి ఇంట్లో చాలాకాలం చెప్పలేదు.

మిగిలింది అల్మారా ఒక్కటే. మొన్న ఇల్లు ఖాళీ చేసి హైదరాబాదులో కొడుకు ఫ్లాటుకు పోవలసి వచ్చినప్పుడు, అది లిఫ్టులో పట్టదని, అమ్మేద్దామని అన్నారు. నాకు నార్మండీ సంగతి గుర్తొచ్చింది. ఆ పెళ్లి అల్మారాల కర్రమేకులు తీసి, పలకలు విడదీసి, అత్తవారింట్లో మళ్లీ బిగించేవారట. కోరుట్ల నుంచి వడ్రంగిని పిలిపించాను. వెనుక తట్టి చూసి, ‘ఇండ్ల మేకు ఒక్కటి లేదు సారూ’ అన్నాడు. అరగంటలో పన్నెండు ముక్కలయింది. ప్రతి ముక్క మీద సుద్దతో అంకె వేశాడు. ఇప్పుడది ఐదో అంతస్తులో ఉంది. కింది అరలో నా పెన్షను కాగితాలు, పై అరలో కోడలి చీరలు.