రేడియో పెట్టుకోవడానికీ లైసెన్సే

మా మేనల్లుడికి విమానాల మాటలు వినాలని మనసు పుట్టింది. "మామా, ఆదోనిలో అన్నేండ్లు రేడియోలు బాగు చేసినావు గదా, తక్కువలో మంచి స్కానర్ ఏదో చెప్పు" అన్నాడు. ధర సంగతి తర్వాత. ముందు పాత కథ ఒకటుంది.

మా పక్క జనం రేడియో మొగం చూడకముందే విమానం వచ్చింది. 1932 అక్టోబర్ 15న జేఆర్డీ టాటా కరాచీ నుంచి బొంబాయికి టపా విమానం నడిపాడు. అక్కణ్ణుంచి నెవిల్ విన్సెంట్ దాన్ని బళ్ళారి మీదుగా మద్రాసు చేర్చాడు. అప్పుడు మా ఊరు ఆస్పరికి జిల్లా కేంద్రం బళ్ళారే. ఆలూరు, ఆదోని తాలూకాలు కర్నూలు జిల్లాలో కలిసింది 1953లో, ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు. పుస్ మాత్ అనే ఆ ఒంటి ఇంజను విమానంలో రేడియో లేదు. కిందికి చూసి దారి పట్టడమే.

మరుసటి ఏడే, 1933లో, తెల్లదొరలు వైర్‌లెస్ చట్టం చేశారు. మాట్లాడే యంత్రానికే కాదు, వినే సెట్టు ఇంట్లో పెట్టుకోవడానికీ లైసెన్సు ఉండాలన్నారు. స్వాతంత్ర్యం వచ్చినా అది పోలేదు. పోస్టాఫీసులో చిన్న పుస్తకం ఇచ్చేవాళ్లు. అందులో సెట్టు కంపెనీ పేరు, నంబరు రాసి, ఏటేటా రుసుం కడితే స్టాంపు అంటించి ముద్ర వేసేవాళ్లు. బాగు చేయించుకోవడానికి సెట్టుతో పాటు ఆ పుస్తకమూ సంచీలో తెచ్చేవాళ్లు కొందరు, దారిలో ఎవరైనా అడుగుతారేమోనని! 1980లలో ఆ బాధ తప్పింది. తప్పింది ఆకాశవాణి వినే సెట్లకు మాత్రమే. ఇది చాలామందికి ఇప్పటికీ తెలీదు.

కువైట్ నుంచి వచ్చిన కొన్ని సెట్ల డయలు మీద మీడియం వేవ్, షార్ట్ వేవ్ గీతల కింద 'ఎయిర్' అని ఇంకో గీత ఉండేది. ముల్లు అక్కడికి తిప్పితే గరగర తప్ప ఏమీ రాదు. సెట్టు చెడిపోయిందని నా దగ్గరికి మోసుకొచ్చేవాళ్లు. చెడిపోలేదప్పా, పైలట్ పాట పాడడు, రెండు ముక్కలు చెప్పి ఊరుకుంటాడు అని సర్దిచెప్పి పంపేవాణ్ణి. ఆ గరగరను నొక్కిపెట్టి, మాట వచ్చినప్పుడే నోరు తెరిచే స్క్వెల్చ్ మీట ఆ చవక సెట్లలో చాలావాటికి ఉండేది కాదు.

విమానాల మాటలు నడిచేది 118 నుంచి 137 మెగాహెర్ట్జ్ మధ్య, అదీ ఏఎంలో. ఎఫ్ఎం ఒక్కటే పట్టే చవక వాకీటాకీ అందుకు పనికిరాదు. ఈ తరంగాలు తిన్నగా పోతాయి. అందుకే 35,000 అడుగుల ఎత్తున పోయే విమానం మాట ఆస్పరి మిద్దె మీదికి వందల కిలోమీటర్ల నుంచీ అందుతుంది. 2021లో ఓర్వకల్లు విమానాశ్రయం మొదలైంది, నిజమే. కానీ అక్కడి టవర్ జవాబు మా ఊళ్ళో చేతిసెట్టుకు చిక్కదు. సగం సంభాషణే వినాలి.

ఇక లైసెన్సు సంగతి. 1933 చట్టం స్థానంలో 2023లో కొత్త టెలికం చట్టం చేశారు. రేడియో పరికరం దగ్గర పెట్టుకోవడానికి అనుమతి కావాలన్న మాట అందులోనూ ఉంది. ఆన్‌లైన్‌లో అమ్ముతున్నారు గదా అంటే చెల్లదు. లైసెన్సు వివరాలు చెప్పకుండా వాకీటాకీలు అమ్ముతున్నారని 2025లో కేంద్రం ఆన్‌లైన్ అమ్మకాల కంపెనీలకే నోటీసులిచ్చింది.

అందుకే వాడికి ఏ స్కానర్ పేరూ చెప్పలేదు. వైర్‌లెస్ మీద అంత ఇష్టముంటే హ్యామ్, అంటే అమెచ్యూర్ రేడియో, పరీక్ష రాయమన్నాను. పన్నెండేళ్లు నిండితే చాలు. హైదరాబాదులో 1983 నుంచి జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ ఉంది, అడిగితే దారి చెబుతారు. మీ ఇంట్లోనూ ఇట్లాంటి పిల్లోడుంటే అటే పంపండి.