చొక్కా గుండీ చదువు

మా చెల్లి ఆక్యుపేషనల్ థెరపీ చదువుతానంటే, "అంటే ఉద్యోగాలిప్పించే కోర్సా?" అని వెటకారమాడాను (కోడు రాసేవాడి పొగరు లెండి). తర్వాత దాని చరిత్ర చదివితే సిగ్గేసింది.

1917లో అమెరికాలో ఈ వృత్తికి సంఘం పెట్టినవాళ్ళలో జార్జ్ బార్టన్ అనే ఆర్కిటెక్టు ఒకడు. క్షయ, పక్షవాతం రెండూ అనుభవించి, చేతిపనులు చేస్తూ కోలుకున్న మనిషి.

మన దేశానికి ఈ చదువు తెచ్చింది కమలా నింబ్‌కర్. అమెరికాలో పుట్టి ఇక్కడి కోడలైంది. నలభై దాటాక ఫిలడెల్ఫియా వెళ్ళి మరీ చదువుకొచ్చి, 1950లో బొంబాయి కేఈఎం ఆసుపత్రిలో మొదటి స్కూలు పెట్టింది. చెయ్యి పడిపోయిన మనిషికి అన్నం కలుపుకోవడం, చొక్కా గుండీ పెట్టుకోవడం మళ్ళీ నేర్పాలంటే అనాటమీతో పాటు బోలెడంత ఓపిక కూడా కావాలి మరి!

నాన్నతో నేను మాట్లాడతానని చెల్లికి మాటిచ్చాను. ఆయనింకా ఇంజనీరింగ్ కౌన్సెలింగ్ కాగితాలు ముందేసుకునే కూర్చున్నారు.